దుమ్ము లేని ఆకు

మట్టిలో ఒక్కనాడూ వేలు పెట్టని పెద్దలారా! ఎండి చచ్చిన మొక్కకూ కుళ్ళి చచ్చిన మొక్కకూ తేడా తెలియని మీరు, దాన్ని చంపింది లింగమ్మేనని ఎట్లా రాశారు? కుండీ వంచి చూశారా? వేరు తీసి వాసన పట్టారా? ఆమెను పిలిచి ఒక్క మాటైనా అడిగారా? ఏమీ లేదు. టైపు కొట్టించారు, ముద్ర గుద్దారు, పంపారు.

ఆ కాగితం సోమవారం పొద్దున యూనివర్సిటీ నర్సరీకి వచ్చింది. సూపర్‌వైజర్ లచ్చయ్య దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో తెచ్చాడు. పచ్చ వల పందిరి కింద లింగమ్మ పీట మీద కూర్చుని కుండీల్లో మట్టి నింపుతోంది. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు ఎరువు. కొలిచే గిన్నె లేదు, దోసిలే కొలత. పక్కన కృపారాణి కుండీల అడుగున పెంకు ముక్కలు పేరుస్తోంది, నీళ్ళు పోయే కన్నం మూసుకుపోకుండా.

"లింగమ్మక్కా, చెయ్యి కడుక్కో. నీకు మెమో వచ్చింది" అన్నాడు లచ్చయ్య.

"ఏముందో చదువు."

"ఇంగ్లీషుల ఉన్నది. నాతోని యాడైతది?"

కృపారాణి ఇంటర్ దాకా చదివింది. మట్టి చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం లాక్కుంది. పెదాలు కదుపుతూ ఒకసారి చదివింది. రెండోసారి తెలుగులో పైకి చెప్పింది.

"ఎస్టేట్ ఆఫీసరు ఇంట్ల పరీక్షకు పెట్టిన స్నేక్ ప్లాంటు నలభై రోజులకు సచ్చిపోయిందంట. కుండీ తయారు చేసిన మాలి లింగమ్మ, తన పని పోతదన్న కుళ్ళుతోని మట్టిల ఏదో మందు కలిపిందంట. గురువారం లోపట జవాబు ఇయ్యాల్నంట."

పరీక్ష సంగతి క్యాంపస్‌లో అందరికీ తెలిసిందే. ఎస్టేట్ ఆఫీసరు రవికాంత్‌కు ఒక ఆలోచన పుట్టింది. ఆఫీసుల్లోనూ వరండాల్లోనూ ఉన్న మూడు వందల కుండీల్లో, ఎవరూ చూడకపోయినా బతికే మొక్కలు పెట్టేస్తే మాలీలతో పనేమిటి? అందుకు రెండు మొక్కలు ఏరాడు. ఒకటి, కత్తులు పాతినట్టు నిటారుగా నిలబడే స్నేక్ ప్లాంటు. రెండోది, మందపాటి ఆకుల జెడ్‌జెడ్. మాలీలు దాన్ని జీజీ అంటారు. స్నేకును తార్నాకలోని తన ఫ్లాటుకు తీసుకుపోయాడు. జీజీని ఆఫీసు గదిలో పెట్టుకున్నాడు. నలభై రోజులు ఎవరూ చెయ్యి పెట్టకూడదన్నాడు. నెగ్గిన మొక్క అన్ని బిల్డింగుల్లోకీ వస్తుంది. ఒకటో తారీఖు నుంచి, లోపలి మొక్కలు చూసే తొమ్మిదిమంది ఆడవాళ్ళ పేర్లు హాజరు పట్టీలో ఉండవు. తొమ్మిదింట్లో మొదటి పేరు లింగమ్మది. ఆ రెండు కుండీలూ నింపించింది కూడా ఆమె చేతనే. ఉరితాడు పేనడానికి కూడా మాలీయే కావలసివచ్చింది.

"మందు కలిపెటోళ్ళమైతే చెట్టుకెందుకు కలుపుతం? సారు చాయ్‌ల కలుపకపోదుమా?" అంది కృపారాణి.

"మెల్లగ మాట్లాడవే తల్లీ! నా ఉద్యోగం గూడ తింటవు." లచ్చయ్య అటూ ఇటూ చూసి పెన్ను తీశాడు. "అక్కా, ముట్టినట్టు సంతకం పెట్టు. పెట్టినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు."

లింగమ్మ చేతులు కడుక్కోలేదు. మట్టి వేళ్ళతోనే పెన్ను పట్టుకుంది. రెండు కాపీల్లోనూ, అచ్చు ఇంగ్లీషు కింద, ఒక్కో అక్షరం చింతగింజంత లావున, తెలుగులో రాసింది: 'నేను కలపలేదు. లింగమ్మ.' రెండింటి అంచునా ఎర్రమట్టి వేలిముద్ర కూడా పడింది. ఒక కాపీ లచ్చయ్యకిచ్చి, రెండోది మడిచి రొండిన దోపుకుంది.

"ఇంకో ముచ్చట," అని లచ్చయ్య తల గోక్కున్నాడు. "రేపు ఒక స్నేకు, ఒక జీజీ సారు ఇంటికి కొండవోవాలె. ఈసారి సారు వాళ్ళమ్మ చూసి, ఇంట్లకు ఏది కావాల్నో ఎంచుకుంటదంట. నిన్నే రమ్మన్నరు."

కృపారాణి చేతిలోని పెంకు ముక్కను నేలకేసి కొట్టింది. "చంపిందని రాస్తరు, మళ్ళ ఆమెతోనే తెప్పిచ్చుకుంటరు! సిగ్గున్నదా మీకు?"

"నాకెందుకు సిగ్గు? నేను కాయితం మోసెటోన్ని."

"పోతనే," అంది లింగమ్మ. మళ్ళీ మట్టిలో చేతులు పెట్టింది. "ఆ సచ్చిన చెట్టును సూడాలె నేను."

మంగళవారం హాజరు క్యాంపస్‌లో పడింది, పని సారు ఇంట్లో. ఒక కుండీ చంకన, ఒకటి గోనెసంచిలో భుజాన వేసుకుని, లింగమ్మ యూనివర్సిటీ గేటు దాటి తార్నాక దాకా నడిచింది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లిఫ్టులో మట్టి పడుతుందన్నాడు. మూడంతస్తులు మెట్లెక్కింది.

తలుపు తీసింది రవికాంత్ తల్లి సుబ్బలక్ష్మి. డెబ్బై దాటిన మనిషి, తలస్నానం చేసి జుట్టు ముడి వేసుకుని ఉంది. లోపలి గదిలో అగరొత్తుల పొగ.

"రావమ్మా, రా. అబ్బాయి ఆఫీసుకెళ్ళిపోయాడు. కుండీలు హాల్లో పెట్టు. ముందు మంచినీళ్ళు తాగుతావా? మెట్లెక్కి వచ్చినట్టున్నావ్, రొప్పుతున్నావ్."

గ్లాసు ఖాళీ చేసి, లింగమ్మ మొక్కల వైపు చూడలేదు. ముందు గోడలు చూసింది. కిటికీ పడమరకు ఉంది. తెర సగం దాకా లాగి ఉంది. పక్కన టీవీ మూల చీకటిగా ఉంది. బాల్కనీలో ఉతికిన బట్టలు, వాటి సందుల్లోంచి పలచని ఎండ.

"ఈ రెండిట్లో ఏది బావుంటుందో నువ్వే చెప్పు తల్లీ. నాకీ కొత్తరకం మొక్కల సంగతి తెలీదు" అంది సుబ్బలక్ష్మి.

"ఇంట్ల పసిపిల్లలున్నరా అమ్మా? కుక్క, పిల్లి?"

"ఎవరూ లేరు."

"ఉంటే ఈ రెండిట్ల ఏదీ వాళ్ళకు అందొద్దు. ఆకు కొరికితే నోరు మండుతది. ఎండ ఎంతసేపు పడ్తది?"

"హాల్లోకా? సాయంత్రం ఓ గంట పడుతుందేమో."

"ఆ మూలకైతే జీజీ. కిటికీ పక్కకైతే స్నేకు. జీజీ దుంపల నీళ్ళు దాసుకుంటది, స్నేకు ఆకుల దాసుకుంటది. ఈ రెండూ దూపతోని సావయమ్మా, నీళ్ళతోనే సస్తయ్. అందుకని అడుగుతున్న. ఈ ఇంట్ల నీళ్ళు పోసే చెయ్యి ఎవరిది?"

"ఎవరూ పోయరమ్మా. అబ్బాయి మరీ మరీ చెప్పి పెట్టాడు. నలభై రోజుల్లో చుక్క నీళ్ళు పోస్తే ఒట్టు!"

లింగమ్మ ఆమె కళ్ళలోకి చూసింది. అబద్ధం చెప్పే కళ్ళు కావవి.

"సచ్చిన కుండీ ఏడున్నది?"

బాల్కనీలో పెట్టారు. కత్తుల్లాంటి ఆకులు నాలుగు దిక్కులకూ వాలిపోయి ఉన్నాయి. మొదలు నొక్కితే మగ్గిన అరటిపండులా దిగబడింది. లింగమ్మ చూపుడువేలిని మట్టిలోకి రెండో కణుపు దాకా దించింది. చల్లగా, జిగటగా తగిలింది. వేలు తీసి వాసన చూసింది. విరిగిన పాల వాసన. గోటితో పైమట్టి గీకింది. నల్లబడ్డ తులసాకు ఒకటి వచ్చింది. పసుపు పట్టిన బియ్యపు గింజ వచ్చింది. కుళ్ళిన చామంతి రేకు వచ్చింది. ఆ మూడింటినీ అరచేతిలో పెట్టుకుని అట్లాగే గొంతుకూర్చుంది.

లోపల గంట మోగి ఆగింది. సుబ్బలక్ష్మి రాగిచెంబుతో హాల్లోకి వచ్చింది. నేరుగా కొత్త స్నేకు కుండీ దగ్గరికి నడిచి, కళ్ళు మూసుకుని ఏదో అనుకుంటూ చెంబు వంచింది.

లింగమ్మ ఒక్క అంగలో వచ్చి కుండీ మీద అరచెయ్యి కప్పింది. పాలు కలిసిన తెల్లని నీళ్ళు ఆమె వేళ్ళ మీద పడి, మణికట్టు మీదుగా నేలకు కారాయి.

"అయ్యయ్యో! అభిషేకం నీళ్ళమ్మా, కింద పడకూడదు! కళ్ళకద్దుకో, కళ్ళకద్దుకో!"

లింగమ్మ కళ్ళకద్దుకుంది. ఆ తరువాత అడిగింది.

"రోజు ఇందులనే పోస్తరా అమ్మా?"

"మరెక్కడ పోయను? కాళ్ళ కింద పడకూడదు, సింకులో పోయకూడదు. మా ఊళ్ళో అయితే కొబ్బరిచెట్టు మొదట్లో పోసేవాళ్ళం. ఈ కొంపలో మట్టి అంటూ ఉన్నది ఆ కుండీలోనేగా!"

"సుక్క నీళ్ళు పొయ్యలేదంటిరి గద?"

"నీళ్ళెక్కడివే పిచ్చిదానా? ఇది తీర్థం."

ఆ మాట అన్నాక సుబ్బలక్ష్మికే వినపడింది. చెంబు వైపు చూసింది. బాల్కనీలో వాలిపోయిన ఆకుల వైపు చూసింది. లింగమ్మ అరచెయ్యి చాపి, ఆకూ గింజా రేకూ చూపించింది.

"వేరు కుళ్ళిందమ్మా. దినాం చెంబెడు. పాలు గూడ."

ముసలావిడ సోఫా అంచున కూలబడింది. "నేనా చంపింది? చేతులారా నేనే చంపానా?" గొంతు తగ్గించి, "అబ్బాయితో అనకమ్మా. మొక్క జోలికి పోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు" అంది.

లింగమ్మ రొండిన దోపిన కాగితం తీసి టీపాయ్ మీద పరిచింది. "ఇది సదువుండ్రి."

"నాకు ఇంగ్లీషు రాదు."

"నాకూ రాదు. నేను మందు పెట్టి సంపిన్నంట. మీ కొడుకు సంతకమే అది."

"మందా? వాడు... అలా రాశాడా?"

"మీ మాట పోతదని మీకు భయం. నాకు బువ్వ పోతున్నది అమ్మా. నా ఒక్కదానిదే కాదు, తొమ్మిదిమందిది."

సుబ్బలక్ష్మి లేచి వంటింట్లోకి వెళ్ళింది. లింగమ్మ నేల మీది తడిని తన కొంగుతో తుడిచింది. ముసలావిడ ఖాళీ బియ్యం సంచి ఒకటి పట్టుకొచ్చింది. చచ్చిన కుండీ దగ్గరికి పోయి, రెండు చేతులతో సంచి మూతి వెడల్పుగా తెరిచి పట్టుకుంది.

"తీసుకెళ్ళు" అంది. అంతే.

గుమ్మం దగ్గర మళ్ళీ పిలిచింది. "మరి నాకు ఏ మొక్క?"

"రెండూ వద్దమ్మా. పోసే చెయ్యికి తాగే చెట్టు కావాలె. బాల్కనీల పెద్ద కుండీ పెట్టి మందార తెచ్చిస్త. పాలు వేరే తీసి, ఉత్త నీళ్ళు పొయ్యండ్రి. అప్పటిదాక ఈ రెండిటిని ముట్టకుండ్రి. కృపారాణొచ్చి కొండవోతది."

బుధవారం లింగమ్మ లోపలి మొక్కల ఆకులు తుడిచే రోజు. పొద్దున్నే బకెట్టు, పాత నూలుచీర పేలిక తీసుకుని ఎస్టేట్ ఆఫీసుకు వచ్చింది. వరండాలో పది కుండీలు తుడిచింది. ఆకు కింద ఒక చెయ్యి ఆనించి, పైన పేలికతో మొదటి నుంచి కొస దాకా ఒకే లాగుడు. ఆ ఊపులోనే రవికాంత్ గదిలోకి పోయింది. సారు ఇంకా రాలేదు. జీజీ ముందు గొంతుకూర్చుంది, ఆకు కింద చెయ్యి ఆనించింది, పేలిక ఎత్తింది.

చెయ్యి గాలిలోనే ఆగింది.

ఆకు నిగనిగలాడుతోంది. పక్కనున్న ఇనప బీరువా మీద బూడిద రంగు దుమ్ము. కిటికీ బయట రెండు నెలలుగా రోడ్డు తవ్వుతున్నారు. ఊడ్చేవాళ్ళు సారు బల్ల ఒక్కటే తుడుస్తారు, బీరువాలు ముట్టరు.

ఎన్ని బుధవారాలు? ఆరు. ఆరుసార్లూ ఆమె తుడిచింది. రెండుసార్లు కాడల సందుల్లో తెల్లటి పిండినల్లి కనబడితే సబ్బునీళ్ళలో ముంచిన దూదితో ఏరేసింది. ప్రతి శనివారం సారు ఇంటికి పోయాక కుండీని వరండా వెలుతుర్లో పెట్టి, సోమవారం ఆయన రాకముందే ఆకులు దులిపి లోపల పెట్టింది. ముట్టొద్దన్న మాట చెవులు విన్నాయి. చేతులు వినలేదు. తనను తీసేయడానికి పెట్టిన మొక్కను తానే తళతళలాడించి పెట్టింది! ఆమెకు తన చేతుల మీదే కోపం వచ్చింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది. పేలిక మడిచి బకెట్టులో వేసి బయటికి నడిచింది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల దగ్గర లచ్చయ్య ఆమెను పక్కకు పిలిచాడు.

"అక్కా, నీ మంచికే చెప్తున్న. 'పొరపాటున నీళ్ళెక్కువ పోసిన' అని రాసియ్యి. సారు పరువుంటది. నీ ఒక్కదాని పేరు హాస్టల్ తోటల రాపిస్త. మాట తీసుకున్న."

"తక్కిన ఎనిమిదిమంది?"

"వాళ్ళ తలరాత."

"తలరాత నీ పెన్నుతోని రాస్తున్నవ్ గదా లచ్చయ్యా, అందుకే అడిగిన." లింగమ్మ డబ్బా మూత బిగించింది. "చెయ్యని తప్పు ఒప్పుకుంటే పని దొరుకుతదా? అట్లనే ఒప్పుకుంటూ పోతే రేపు ఇంకేం ఒప్పుకొమ్మంటవు?"

లచ్చయ్య పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

గురువారం పదకొండింటికి మీటింగు. రవికాంత్ గదిలో బాటనీ ప్రొఫెసర్ పద్మశ్రీ, ఇంకో ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. జీజీ కుండీ బల్ల పక్కన పెళ్ళికూతురిలా నిలబెట్టి ఉంది.

"చూడండి మేడమ్, నలభై రోజులు" అంటున్నాడు రవికాంత్. "నీళ్ళు లేవు, చెయ్యి తగల్లేదు. ఎంత హెల్దీగా ఉందో మీరే చూస్తున్నారు. స్నేక్ ప్లాంట్ విషయంలో ఎవరో కావాలని పాడుచేశారు, అది వేరే ఫైలు. కాబట్టి జెడ్‌జెడ్ ఫైనల్ చేద్దాం."

తలుపు తెరుచుకుంది. లింగమ్మ సంచి చంకన పెట్టుకుని లోపలికి వచ్చింది. వెనక వరండాలో కృపారాణి, ఇంకో ఏడుగురు ఆడవాళ్ళు. ఎవరి చేతిలోనూ పనిముట్టు లేదు.

"లింగమ్మా, ఏంటిది? మీటింగ్ జరుగుతోంది. జవాబు లచ్చయ్యకివ్వు."

"జవాబు బరువున్నది సార్. లచ్చయ్య మొయ్యలేడు."

ఆమె బల్ల మీద పాత పేపరు పరిచింది. సంచిలోంచి కుండీ తీసి, అంచు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి బోర్లించింది. మట్టి ముద్ద కుండీ ఆకారంలోనే దిగింది. పులిసిన వాసన గదంతా నిండింది. ఒక పెద్దమనిషి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"మందు ఎక్కడున్నదో దేవులాడుండ్రి" అంది.

పద్మశ్రీ కుర్చీ ముందుకు జరిగింది. పెన్సిలుతో మట్టిని విడదీసింది. "ఇది రూట్ రాట్. నీళ్ళ వల్లే. ఇదేమిటి, తులసి కదూ? ఇవి... అక్షింతలా?"

రవికాంత్ బల్ల మీదికి వంగాడు. పసుపు గింజను వేలితో తిప్పి చూశాడు. రోజూ పొద్దున తన ఇంట్లో మోగే గంట అప్పుడు వినబడినట్టు అతని ముఖం మారింది.

"ఎవరు పోశారు?" అని అడిగింది పద్మశ్రీ.

లింగమ్మ రవికాంత్ వైపే చూస్తూ చెప్పింది. "ప్రేమతోని పోసిన్రు మేడం. వాళ్ళ తప్పు లేదు. నీళ్ళు పొయ్యొద్దని సార్ చెప్పిండు గని, ఏవి నీళ్ళ కింద లెక్కనో చెప్పలే. అది చెప్పేటందుకే మాలి ఉంటది."

"సరే" అన్నాడు రవికాంత్. "అది పొరపాటే అనుకుందాం. మెమో సంగతి చూద్దాం. కానీ ఈ మొక్క? దీన్ని ఎవరూ చూడలేదుగా? బతికిందిగా?"

లింగమ్మ ఇనప బీరువా దగ్గరికి నడిచింది. చూపుడువేలితో తలుపు మీద అడ్డంగా ఒక గీత గీసింది. దుమ్ములో గీత తెల్లగా పడింది. నల్లబడ్డ వేలు అందరికీ చూపించింది. ఆ వేలిని చీరకు తుడుచుకుని, జీజీ ఆకు మీద మొదటి నుంచి కొస దాకా లాగింది. మళ్ళీ చూపించింది. వేలు శుభ్రంగా ఉంది.

"నలభై రోజులు ఎవ్వరు ముట్టలేదంటిరి. మరి దీని దుమ్ము ఏడవోయింది సార్?"



"నువ్వు ముట్టావా?" రవికాంత్ లేచి నిలబడ్డాడు. "వద్దని రాతపూర్వకంగా చెప్పాను! ఇది ఇంకో తప్పు."

"ముట్టిన. ఆరు బుధవారాలు తుడిచిన. పిండినల్లి పడితే రెండుసార్లు ఏరిన. శనివారం శనివారం వెలుతురుకు పెట్టిన. రాసుకోండ్రి, సంతకం పెడత. ఈసారి చేసిన పనికే పెడత."

"నీళ్ళు లేకుండా ఇది నలభై రోజులు బతుకుతుంది కదా లింగమ్మా?" పద్మశ్రీ మెల్లగా అడిగింది.

"బతుకుతది మేడం. మీ ముందర అబద్ధం చెప్ప. ఎవ్వరు సూడకున్నా బతుకుతది. దుమ్ము తిని, పురుగు పట్టి, ఒక దిక్కు వంగి బతుకుతది. బతుకుడు వేరు, పచ్చగుండుడు వేరు. మూడు వందల కుండీలు బతుకుతే సాలనుకుంటే బీరువాలు పెట్టుకోండ్రి, వాటికి నీళ్ళు గూడ వద్దు."

వరండాలోంచి కృపారాణి నవ్వు వినబడింది. పద్మశ్రీ పెన్సిలు కింద పెట్టి, ముందున్న ఫైలు మూసింది. "నేను దీని మీద సంతకం పెట్టను రవికాంత్ గారూ" అంది. మిగతా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఓకే, ఓకే" అన్నాడు రవికాంత్. "ఆలోచిద్దాం. వచ్చే నెల మళ్ళీ కూర్చుందాం. నువ్వెళ్ళు లింగమ్మా, చూస్తాం."

లింగమ్మ వెళ్ళలేదు. వరండాలోని ఎనిమిదిమంది గడప దాటి లోపలికి వచ్చారు. ఆమె రొండిన ఉన్న మెమో తీసి, మడతలు విప్పి, చేత్తో సాపు చేసి, కుళ్ళిన వేళ్ళ పక్కన పెట్టింది. ఎర్రమట్టి వేలిముద్ర ఎండి పెచ్చు కట్టింది.

"వచ్చే నెల పట్టీల మా పేర్లే ఉండయి సార్, ఇంక ఎవరితోని కూసుంటరు? ఇది చింపుండ్రి. హాజరు పట్టీ తెప్పియ్యుండ్రి. ఒకటో తారీఖు కింద తొమ్మిది పేర్లు రాయుండ్రి, ఒక్కటి తక్కువైనా ఊకోం. రేపు కాదు, చూస్తం కాదు. మేం గీడ నిలబడి ఉండంగనే రాయాలె. పెన్ను మూత తియ్యుండ్రి."